ఊరుమ్మడి మైదానం

గోల్ఫ్ ఆడేవాళ్లందరూ జన్మలో ఒక్కసారైనా ఆడాలని కోరుకునే మైదానానికి ఆదివారం సెలవు. పెద్ద పోటీలు జరిగే కొన్ని వారాలు మినహాయిస్తే, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆ రోజు ఒక్క బంతి కూడా లేవదు. ఆ రోజు అక్కడికి ఊరు వస్తుంది. కుక్కను వెంటబెట్టుకుని కొందరు, పిల్లల బండి తోసుకుంటూ కొందరు, ఊరికే గాలి పోసుకోవడానికి కొందరు. టైగర్ వుడ్స్ రెండుసార్లు విజేతగా నడిచిన పచ్చిక మీదుగానే సముద్రం వైపు సాగిపోతారు. వాళ్లను ఆపే అధికారం ఎవరికీ లేదు. ఆ నేల ఊరిది.

ఈ మైదానం గురించి రాసేవాళ్లు మామూలుగా విజేతల జాబితాతో మొదలుపెడతారు. ఆ జాబితా గొప్పదే, దాని దగ్గరికీ వద్దాం. కానీ నన్ను ఎక్కువగా పట్టి లాగేది వేరే సంగతి. రాజు నిషేధించినా, పాలకులు అమ్ముకున్నా, కుందేళ్ల వ్యాపారులు తవ్వుకున్నా ఒక ఊరు తన ఉమ్మడి నేలను వదులుకోలేదు. ఓల్డ్ కోర్సులో ఏ మలుపు దగ్గర నిలబడి చూసినా ఆ ఉమ్మడి వాడకం గుర్తులే కనిపిస్తాయి. గొర్రెల కోసం కట్టిన వంతెన, ఆటకు అడ్డంగా పోయే రోడ్డు, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ పంచుకునే గ్రీన్లు, అన్నీ అలా వచ్చినవే. మన దగ్గర గోల్ఫ్ అనగానే పెద్ద గేటు, గేటు ముందు కాపలా, సభ్యులకు మాత్రమే అన్న బోర్డు గుర్తొస్తాయి. ఆ ఆటకు పుట్టినిల్లుగా చెప్పుకునే చోట గేటే లేదు.

గాలి, గొర్రెలు కలిసి గీసిన పటం

స్కాట్లాండ్ తూర్పు తీరంలో, ఎడిన్‌బరోకు ఉత్తరాన ఫైఫ్ అనే ప్రాంతం ఉంది. దాని అంచున, ఒకవైపు ఉత్తర సముద్రం, మరోవైపు ఈడెన్ నది మొగ ఉన్న చోట సెయింట్ ఆండ్రూస్ పట్టణం. శిథిలమైన పెద్ద కెథెడ్రల్, 15వ శతాబ్దం మొదట్లో పుట్టిన విశ్వవిద్యాలయం, రాతి ఇళ్ల వీధులు. పట్టణం వాయవ్య మూల నుంచి మొగ దాకా చాచుకున్న ఇసుకనేలే లింక్స్. సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలిపెట్టిన ఇసుకను గాలి ఎగదోసి మిట్టలు చేసింది, మిట్టల మధ్య పల్లాలు తవ్వింది. అలాంటి చోట పంట పండదు. సన్నటి ఫెస్క్యూ గడ్డి మాత్రం దట్టంగా అల్లుకుంటుంది. వాన ఎంత కురిసినా ఇసుక తాగేస్తుంది కాబట్టి నేల గట్టిగా, పొడిగా ఉంటుంది. బంతి పడితే ఆగకుండా దొర్లుతుంది.

ఆ గడ్డిని కత్తిరించినవి గొర్రెలు, కుందేళ్లు. చలిగాలికి తట్టుకోలేక గొర్రెలు పల్లాల్లో ఒదిగి పడుకునేవి. వాటి ఒరిపిడికి గడ్డి లేచిపోయి ఇసుక బయటపడేది, ఆ ఇసుకను గాలి మరింత తోడేది. ఇప్పుడు ప్రపంచమంతటా డబ్బు పోసి తవ్వించుకుంటున్న బంకర్లు మొదట ఏర్పడిన తీరు ఇదేనంటారు. ఆటగాళ్ల బంతులు ఎక్కువగా చేరే పల్లాల్లో గడ్డి మళ్లీ మళ్లీ తెగి, అక్కడా బంకర్లు పడ్డాయి. ఇప్పుడు ఓల్డ్ కోర్సులో మొత్తం 112 బంకర్లు. చాలావాటికి పేర్లున్నాయి: నరకం, సింహం నోరు, శవపేటికలు, ప్రిన్సిపాల్ ముక్కు, కళ్లజోడు. కొన్ని వెళ్లేటప్పుడు కళ్లకు ఆనవు. వచ్చేటప్పుడు తిరిగి చూస్తే నోరు తెరుచుకుని కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ మైదానంలో ఆట సాగిన దిశ వేరు. అప్పటి బంతుల కోసం ఏర్పడిన గుంతలు ఇప్పటి ఆటగాడికి మిట్టల చాటున పడ్డాయి. ఆ దిశ మారిన కథ కాసేపట్లో చెప్పుకుందాం.

నాగలి పెట్టబోమని రాసిచ్చిన మాట

గోల్ఫ్ పేరు స్కాట్లాండ్ చట్టాల్లో మొదట వినిపించింది నిషేధంగానే. 1457లో రెండో జేమ్స్ రాజు కాలపు పార్లమెంటు ఫుట్‌బాల్‌నూ గోల్ఫ్‌నూ వద్దంది. యువకులు విలువిద్య సాధన మానేసి ఈ ఆటల్లో పడుతున్నారని, ఇంగ్లండు దండెత్తి వస్తే బాణాలు వేసేదెవరని అప్పటి బెంగ. నిషేధాన్ని 1471లోనూ 1491లోనూ మళ్లీ ప్రకటించాల్సి వచ్చిందంటే జనం ఎంత లెక్కచేశారో తెలుస్తూనే ఉంది. చివరికి 1502లో నాలుగో జేమ్స్ రాజే పెర్త్ పట్టణంలో విల్లులు చేసే పనివాడి దగ్గర గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడు.

సెయింట్ ఆండ్రూస్ చరిత్రలో అంతకన్నా ముఖ్యమైన కాగితం 1552 నాటిది. ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్‌కు లింక్స్‌లో కుందేళ్లు పెంచుకునే హక్కు కావాలి. ఊరు ఒప్పుకుంది. బదులుగా లింక్స్‌లో గోల్ఫ్, ఫుట్‌బాల్, విలువిద్య, ఇంకా ఏ వినోదమైనా సాగించుకునే హక్కు ఊరి జనానిదేనని లిఖితపూర్వకంగా ఖాయపడింది. ఆ నేలలో నాగలి పెట్టబోమన్న హామీ కూడా దొరికింది. ఆట మీద ప్రేమతో ఇచ్చిన వరంగా కాక రెండు వైపులా లాభనష్టాలు చూసుకుని కుదుర్చుకున్న ఒడంబడికగా చదివితేనే ఆ పత్రం అర్థమవుతుంది. దానికి బలం కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఆ ఒడంబడికకు అసలు పరీక్ష 18వ శతాబ్దం చివర ఎదురైంది. 1797 నాటికి పట్టణ పాలకమండలి అప్పుల్లో మునిగి దివాలా తీసింది. లింక్స్ చేతులు మారింది. రెండేళ్లకు అది డెంప్‌స్టర్ అనే వ్యాపార కుటుంబానికి చేరింది. వాళ్లకు కావాల్సింది కుందేళ్ల మాంసం, తోలు. కుందేళ్లు వేలంవెర్రిగా పెరిగి మైదానమంతా బొరియలు చేశాయి. గోల్ఫర్లు కోర్టుకెక్కారు. కోర్టు బయట కొట్లాటలూ అయ్యాయి. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఈ గొడవకు 1821లో తెరపడింది. స్ట్రాథ్‌టైరం జమీందారు జేమ్స్ చీప్ స్వయంగా గోల్ఫ్ ఆడేవాడు. ఆయన లింక్స్‌ను కొని ఆటకు వదిలిపెట్టాడు. రెండో హోల్‌లో ఒక బంకర్‌కు ఇప్పటికీ చీప్ పేరే.

అయినా అది ఒక ఆసామి మంచితనం మీద ఆధారపడ్డ రక్షణ. ఊరికి నేల తిరిగి దక్కింది 1894లో. పార్లమెంటు చట్టం ద్వారా పట్టణ పాలకమండలి లింక్స్‌ను సొంతం చేసుకుంది. 1974లో మరో చట్టం వచ్చి, నిర్వహణ కోసం సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్టు ఏర్పడింది. రాయల్ అండ్ ఏన్షియెంట్ గోల్ఫ్ క్లబ్ రాతి భవనం మొదటి టీ, అంటే ఆట మొదలుపెట్టే చోటు, వెనకే ఠీవిగా నిలబడి ఉంటుంది కాబట్టి మైదానం ఆ క్లబ్‌దేనని చాలామంది అనుకుంటారు. క్లబ్‌కు భవనం ఉంది, ఆడుకునే వేళల్లో వాటా ఉంది, మైదానం మాత్రం లేదు.

పద్దెనిమిది ఎందుకైంది

1754లో 22 మంది ప్రభువులు, పెద్దమనుషులు కలిసి సెయింట్ ఆండ్రూస్ గోల్ఫర్ల సంఘం పెట్టుకున్నారు. వెండి గోల్ఫ్ కర్ర బహుమతిగా పెట్టి పోటీ నడిపారు. 1834లో నాలుగో విలియం రాజు పోషకుడిగా ఉండేందుకు ఒప్పుకోవడంతో సంఘం పేరు ముందు రాయల్ అండ్ ఏన్షియెంట్ చేరింది.

ఆ రోజుల్లో ఇక్కడ ఒక ఆట అంటే 22 హోళ్లు. సన్నటి దారి వెంట 11 హోళ్లు ఆడుకుంటూ మొగ దాకా పోవడం, అవే గుంటల్లో ఆడుకుంటూ ఊరికి తిరిగి రావడం. 1764లో సంఘం సభ్యులకు మొదటి నాలుగు హోళ్లు మరీ పొట్టిగా తోచాయి. నాలుగింటినీ కలిపి రెండు చేశారు. పోయేటప్పుడు రెండు తగ్గితే వచ్చేటప్పుడూ రెండు తగ్గుతాయి కాబట్టి మొత్తం 18 అయింది. వేరే ఊళ్లలో అయిదు హోళ్లు, ఏడు హోళ్లు, పన్నెండు హోళ్ల మైదానాలు ఉండేవి. సెయింట్ ఆండ్రూస్ పలుకుబడి పెరిగేకొద్దీ అందరూ 18కే వచ్చారు. ఇవాళ హైదరాబాద్‌లో ఆడినా హవాయిలో ఆడినా పూర్తి ఆట అంటే 18 హోళ్లే. ఈ అంకె వెనక ఉన్నది రెండున్నర శతాబ్దాల కిందటి ఒక స్థానిక సర్దుబాటు మాత్రమే.

ఆటగాళ్లు పెరిగాక పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే గుంట దగ్గర ఎదురుపడసాగారు. 19వ శతాబ్దంలో దానికి దొరికిన పరిష్కారం ఓల్డ్ కోర్సుకు ముఖచిహ్నమైంది. గ్రీన్‌ను, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను, రెట్టింపు వెడల్పు చేసి ఒక్కోదాంట్లో రెండు గుంటలు పెట్టారు. పోయేవాళ్లకు ఒకటి, వచ్చేవాళ్లకు ఒకటి. ముళ్లపొదలు కొట్టి దారిని కూడా వెడల్పు చేశారు. ఇప్పుడు 18 హోళ్లకు గ్రీన్లు పదకొండే. మొదటిది, తొమ్మిదోది, పదిహేడోది, పద్దెనిమిదోది విడివిడిగా ఉంటాయి. మిగిలిన ఏడూ జంట గ్రీన్లు. రెండోది పదహారుతో, మూడోది పదిహేనుతో, నాలుగోది పద్నాలుగుతో, అలా ఎనిమిదోది పదితో జత. ఏ జతను కూడినా 18 వస్తుంది. పోయే హోళ్లకు తెల్ల జెండా, వచ్చే హోళ్లకు ఎర్ర జెండా. అయిదు, పదమూడు కలిసి ఉన్న గ్రీన్ ఒక్కటే దాదాపు 87 సెంట్ల నేల. దాని మీద పొరపాటున రెండో జెండా వైపు చేరిన బంతిని అసలు గుంట దగ్గరికి నెట్టడానికి యాభై అరవై గజాలు దొర్లించాల్సి రావచ్చు. ఈ కొలతకు సాధన చేసి వచ్చేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఇలాంటి గ్రీన్లు ఇంకెక్కడా ఇంతింత లేవు.

టామ్ మోరిస్ ఇసుక

ఓల్డ్ కోర్సుకు రూపకర్త ఎవరూ లేరు. కానీ ఒక్క మనిషి చేతి గుర్తులు మాత్రం అంతటా ఉన్నాయి. 1821లో ఈ ఊళ్లోనే పుట్టిన టామ్ మోరిస్, అలన్ రాబర్ట్‌సన్ దగ్గర బంతులు చేసే పనిలో చేరాడు. రాబర్ట్‌సన్ ఆ కాలానికి మేటి ఆటగాడు, 1858లో ఈ మైదానాన్ని 79 దెబ్బల్లో పూర్తి చేసి 80 లోపు వచ్చిన మొదటివాడు. ఆయనకు జీవనాధారం ఈకల బంతి. ఉడకబెట్టిన బాతు ఈకల్ని తోలు సంచిలో కూరి కుట్టే ఆ బంతి తయారీ కష్టం, ధర ఎక్కువ, తడిస్తే పనికిరాదు. 1840ల చివర్లో మలయా చెట్ల పాలతో చేసే గట్టాపర్చా బంతి చవగ్గా వచ్చిపడింది. తూర్పు దేశాల నుంచి ఈ ఊరికి పంపిన విష్ణు విగ్రహం చుట్టూ పొదిగిన గట్టాపర్చా ముక్కల్ని చూసి ఒకరికి ఆ బంతి ఆలోచన తట్టిందని కథ. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, కొత్త బంతితో ఆడుతూ టామ్ దొరికిపోవడం, గురువు కోపగించుకోవడం, ఇద్దరూ విడిపోవడం మాత్రం జరిగాయి. టామ్ పశ్చిమ తీరంలోని ప్రెస్ట్‌విక్‌కు వెళ్లిపోయాడు. రాబర్ట్‌సన్ 1859లో చనిపోయాక, ఇక మేటి ఎవరో తేల్చడానికి 1860లో ప్రెస్ట్‌విక్‌లో మొదటి ఓపెన్ పెట్టారు. ఆ ఓపెన్‌ను టామ్ నాలుగుసార్లు గెలిచాడు.

1864లో ఏడాదికి 50 పౌండ్ల జీతం మీద సెయింట్ ఆండ్రూస్ అతణ్ని తిరిగి పిలిపించుకుంది. అప్పటికి మైదానం బాగా అరిగిపోయి ఉంది. గ్రీన్ల మీద పలచగా ఇసుక చల్లితే గడ్డి చిక్కగా లేస్తుందని అతను గమనించాడు. ఇసుక, ఇంకా ఇసుక, అదే అతని మందు. ఇప్పటికీ గోల్ఫ్ మైదానాల సంరక్షణలో అది మొదటి పాఠం. 1870 ప్రాంతంలో స్విల్కన్ వాగు అంచున మొదటి హోల్‌కు కొత్త గ్రీన్ వేశాడు. దాంతో మొదటి, పదిహేడో గ్రీన్లు విడిపోయి, అంతకుముందు సవ్య దిశలో తిరిగే ఆటను అపసవ్యంగా కూడా ఆడే వీలొచ్చింది. కొంతకాలం వారం మార్చి వారం రెండు దిశల్లో ఆడారు, చివరికి అపసవ్య దిశే స్థిరపడింది. వెనక్కి తిరిగి చూస్తే తప్ప కనిపించని బంకర్లు ఆ పాత దిశ మిగిల్చినవే. అరుదుగా కొన్ని రోజులు పాత దిశలో ఆడనిస్తారు.

ఆదివారం సెలవు ఆచారాన్ని కూడా టామ్ గట్టిగా పట్టుకున్నాడు. ఆటగాళ్లకు విశ్రాంతి అక్కర్లేకపోయినా నేలకు కావాలని అతను అనేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అతని కొడుకు, చిన్న టామ్, తండ్రిని మించినవాడు. 1868 నుంచి వరసగా నాలుగు ఓపెన్‌లు గెలిచి, 1875 క్రిస్మస్ రోజున 24 ఏళ్లకే కన్నుమూశాడు. తండ్రి మరో 32 ఏళ్లు బతికాడు. ఇద్దరి సమాధులూ కెథెడ్రల్ ఆవరణలోనే ఉన్నాయి.

ఇసుక మాట వచ్చింది కాబట్టి మనకు సంబంధించిన ఒక సంగతి. ఈ ఊళ్లో మద్రాస్ కాలేజ్ అనే ఉన్నత పాఠశాల ఉంది. దానికి మూలధనం ఇచ్చిన ఆండ్రూ బెల్ 1753లో ఇక్కడే పుట్టి, తర్వాత మద్రాసు ఎగ్మోర్‌లోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. అక్కడి ఒక దేశీ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చెప్పించే తన పద్ధతిలో దాన్ని కలుపుకున్నాడు. మద్రాసు పద్ధతిగా అది బ్రిటన్ అంతటా పాకింది. వీధిబడి ఇసుకలో దిద్దుకున్న మన ముత్తాతల చదువు ఈ ఊరి బడి పేరులో ఉండిపోయింది.

మొగ దాకా పోయి రావడం

పటంలో చూస్తే ఓల్డ్ కోర్సు కొస వంగిన గొర్రెలకాపరి కర్రలా ఉంటుంది. ఊరి నుంచి ఆరు హోళ్లు దాదాపు తిన్నగా వాయవ్యానికి పోతాయి. ఏడు నుంచి పదకొండు దాకా మొగ ఒడ్డున మెలిక తిరుగుతాయి. మిగతావి ఊరికి తిరిగొస్తాయి. 2022 ఓపెన్‌కు మొత్తం పొడవు 7,313 గజాలు, పార్ 72. పార్ అంటే మంచి ఆటగాడికి ఎన్ని దెబ్బలు చాలునో ముందే కట్టిన లెక్క. పద్నాలుగు హోళ్లకు పార్ నాలుగే. మూడు దెబ్బలవి రెండు, అయిదు దెబ్బలవి రెండు. కుడిచేతి వైపు, అంటే పొలిమేర వైపు, మైదానం బయటికి బంతి పోయే ప్రమాదం ఎక్కువ. ఎడమకు కొడితే తెరిపి ఉంటుంది, కానీ అటు నుంచి గ్రీన్‌ను అందుకోవడం కష్టం. భయపడ్డవాడికి చోటు దొరుకుతుంది, ధైర్యం చేసినవాడికి దారి దొరుకుతుంది. ఆటగాడికి ఇంత ఎంపిక ఇచ్చే మైదానం అరుదు.

మొదటి, పద్దెనిమిదో హోళ్లకు కలిపి ఒకటే మైదానం, వెడల్పు దాదాపు 129 గజాలు. దాని మధ్య నుంచి గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే మామూలు రోడ్డు అడ్డంగా పోతుంది. బీచికి వెళ్లే మనుషులూ కార్లూ దాటేదాకా ఆటగాళ్లు ఆగుతారు. స్విల్కన్ వాగు ఒడ్డున 19వ శతాబ్దంలో ఊరి ఆడవాళ్లు బట్టలు ఉతికి ఇదే గడ్డి మీద ఆరేసుకునేవాళ్లు. నాలుగో హోల్ పేరు జింజర్ బీర్. ఒకప్పుడు ముసలి డా ఆండర్సన్ అనే ఆయన అక్కడ బండి పెట్టుకుని అల్లం పానీయం అమ్మేవాడు.

పదకొండో హోల్ చిన్నదే, 174 గజాలు. ముందు స్ట్రాత్, పక్కన హిల్ అనే రెండు లోతైన బంకర్లు, వెనక మొగ నుంచి వీచే గాలి. 1921లో పందొమ్మిదేళ్ల అమెరికా కుర్రాడు బాబీ జోన్స్ ఇక్కడ హిల్ బంకర్‌లో చిక్కుకుని, విసిగిపోయి, బంతి జేబులో వేసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు. మైదానం మీద మండిపడ్డాడు కూడా. తర్వాత అతనే దీన్ని అందరికన్నా ఎక్కువగా ప్రేమించాడు. 1927లో ఇక్కడే ఓపెన్ గెలిచాడు. 1930లో ఇక్కడే బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచి, ఆ ఏడాదే నాలుగు పెద్ద టైటిళ్లూ చేజిక్కించుకున్నాడు. ఓల్డ్ కోర్సును కొలిచి వివరంగా పటం గీసిన అలిస్టర్ మెకెంజీతో కలిసి అమెరికాలో ఆగస్టా మైదానాన్ని రూపొందించినప్పుడు అతని మనసులో ఉన్నది ఈ మిట్టపల్లాలే. 1958లో పట్టణం అతనికి పౌరసన్మానం చేసింది. అంతకుముందు ఆ గౌరవం పొందిన అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. పదో హోల్‌కు ఇప్పుడు జోన్స్ పేరు.

పద్నాలుగో హోల్‌లో నరకం ఉంది. మనిషి నిలువుకన్నా లోతైన, విశాలమైన బంకర్. 1995 ఓపెన్‌లో జాక్ నిక్లాస్ అంతటివాడు అందులో నాలుగు దెబ్బలు వృథా చేసుకుని ఆ హోల్‌కు 10 రాసుకున్నాడు.

రోడ్డు, గోడ, గొయ్యి

పదిహేడో హోల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 495 గజాలు, పార్ నాలుగు. టీ మీద నిలబడితే ఎదురుగా మైదానం కనిపించదు, హోటల్ షెడ్లు కనిపిస్తాయి. లూకార్స్ నుంచి వచ్చే రైలు మార్గం 1852 నుంచి 1969 దాకా ఈ పక్కనే ఉండేది. అప్పటి రైలు షెడ్ల ఆకారంలోనే ఇప్పటివి కట్టారు. షెడ్డు గోడ మీద హోటల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గాలిని బట్టి ఏదో ఒక అక్షరాన్ని ఎంచుకుని దాని మీదుగా కొట్టాలి. బంతి ఎక్కడ పడిందో నడిచి వెళ్తేగానీ తెలియదు.

ఇక గ్రీన్. సన్నగా, పొడుగ్గా, వచ్చే దారికి ఐమూలగా, చుట్టూ నేలకన్నా ఎత్తుగా ఉంటుంది. వెనక అంచు దిగితే తారు రోడ్డు, దాని వెనక పాత రాతిగోడ. బంతి రోడ్డు మీద పడితే రోడ్డు మీది నుంచే కొట్టాలి. గోడకు ఆనుకుంటే గోడకు కొట్టి వెనక్కి తెప్పించుకోవాలి. మినహాయింపు లేదు. ఇక ముందు అంచులో, ఎడమకు, రోడ్ బంకర్. దాని నోరు చిన్నదే, కానీ చుట్టూ నేల దాని వైపే వాలి ఉంటుంది. కొన్ని గజాల అవతల పడ్డ బంతి కూడా నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చి అందులోకి జారుతుంది. గ్రీన్ వైపు గోడ మనిషి తల ఎత్తున నిట్టనిలువుగా లేస్తుంది. ఆ గోడ గడ్డితోనే కట్టింది. గడ్డి పెళ్లలు కోసి, ఒకదాని మీద ఒకటి, ప్రతి వరసనూ వేలెడంత వెనక్కి జరుపుతూ పేరుస్తారు. ఎండకూ గాలికీ ఎండిపోయి పెచ్చులూడుతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. చలికాలమంతా మైదానం పనివాళ్లకు అదే పని. ఆ గోడ కింద బంతి ఉంటే జెండా కనిపించదు, ఆకాశం కనిపిస్తుంది. ఒక్కోసారి గ్రీన్‌కు వీపు తిప్పి వెనక్కి కొట్టుకుని బయటపడటమే తెలివైన పని.

1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకాజిమా రెండు దెబ్బల్లో గ్రీన్ ఎక్కాడు. గుంట వైపు నెట్టిన బంతి వాలు పట్టుకుని బంకర్‌లో పడింది. బయటపడటానికి నాలుగు దెబ్బలు, ఆ హోల్‌కు మొత్తం తొమ్మిది. 1984లో టామ్ వాట్సన్ ఆరో ఓపెన్ గెలిచి రికార్డు అందుకునే దూరంలో ఉన్నాడు. ఇక్కడ అతని రెండో దెబ్బ గ్రీన్ దాటి గోడ దగ్గర ఆగింది. సరిగ్గా ఆ వేళకే ముందు జట్టులో సెవె బలెస్టెరోస్ పద్దెనిమిదో గ్రీన్ మీద బర్డీ (పార్‌కన్నా ఒక దెబ్బ తక్కువ) కొట్టి పిడికిలి ఊపుతున్నాడు. 2000లో డేవిడ్ డువాల్ అదే గోతిలో నాలుగు దెబ్బలు తిన్నాడు. అదే పోటీలో టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో 112 బంకర్లలో ఒక్కదాంట్లోనూ పడకుండా, ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు. బలంకన్నా ఎక్కడ కొట్టకూడదో తెలియడం ఆ విజయంలో ఎక్కువ. నా మటుకు ఓల్డ్ కోర్సులో ఆడిన అత్యుత్తమ ఆట అదే.

చివరి హోల్‌కు స్విల్కన్ వంతెన దాటాలి. ఏడు వందల ఏళ్ల కిందట కాపరులు గొర్రెల్ని వాగు దాటించుకోవడానికి కట్టుకున్నదని చెప్పే ఆ రాతి వంతెన పొడవు 30 అడుగులే. 2005లో నిక్లాస్ తన చివరి ఓపెన్‌లో దాని మీద నిలబడి సెలవు తీసుకున్నాడు. గ్రీన్ ముందు పాపపు లోయ అనే పల్లం ఉంది. 1995లో ఇటలీ ఆటగాడు కాన్‌స్టాంటినో రొక్కా అందులోకి బంతిని జారవిడిచి, మరుసటి దెబ్బతో అక్కడి నుంచే దాదాపు 65 అడుగుల దూరం దొర్లించి గుంటలో వేసి నేల మీద బోర్లా పడిపోయాడు. అయినా టై విడగొట్టే ఆటలో జాన్ డేలీ చేతిలో ఓడాడు. 1970లో ఇదే గ్రీన్ మీద డగ్ శాండర్స్ మూడడుగులైనా లేని దూరం నుంచి గురి తప్పాడు. మర్నాడు టై విడగొట్టే ఆటలో నిక్లాస్ గెలిచాడు.

1873లో టామ్ కిడ్ గెలిచిన మొదటిది మొదలుకుని 2022లో కామెరాన్ స్మిత్ గెలిచిన 150వ ఓపెన్ దాకా ఈ పోటీ ఇక్కడ 30 సార్లు జరిగింది. మరే మైదానానికీ ఇన్నిసార్లు దక్కలేదు.

ఎవరిది ఊరు

ఊరుమ్మడి అన్నది అందరికీ ఒకేలా వర్తించలేదని కూడా చెప్పాలి. 1867లో స్త్రీలు తమ సొంత పటింగ్ క్లబ్ పెట్టుకున్నారు. మిట్టలెక్కువని హిమాలయాస్ అని పిలుచుకునే ఆ గ్రీన్ మీద ఇప్పుడు ఎవరైనా కొద్దిపాటి రుసుముతో ఆడుకోవచ్చు. కర్ర ఎత్తి బలంగా కొట్టడం స్త్రీలకు తగదని ఆనాటి మగవాళ్ల అభిప్రాయం. ఓల్డ్ కోర్సులో మొదటి మహిళల బ్రిటిష్ ఓపెన్ జరగడానికి 2007 దాకా పట్టింది. మెక్సికోకు చెందిన లొరెనా ఒచోవా గెలిచింది. రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్ స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి ఓటేసింది 2014లో. 260 ఏళ్ల ఆలస్యాన్ని సంప్రదాయం పేరుతో సమర్థించడం నాకు సాధ్యం కాదు.

నేల విషయంలో మాత్రం ఊరి కాపలా ఇప్పటికీ గట్టిది. 2023 ఫిబ్రవరిలో స్విల్కన్ వంతెన మొదట్లో గడ్డి అరిగిపోతోందని ట్రస్టు గుండ్రంగా రాళ్లు పరిపించింది. ఫొటోలు బయటికి రాగానే ఊళ్లోనూ ప్రపంచమంతటా నిరసన లేచింది. కొద్ది రోజుల్లోనే రాళ్లు తీసేసి మళ్లీ గడ్డి పరిచారు.

ఆడాలనుకునే బయటివాళ్లకు దారి లాటరీ. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరు ఉండాలి, ఆట స్థాయిని తెలిపే హ్యాండీక్యాప్ రుజువు కావాలి. ఒంటరిగా వచ్చేవాళ్లు ఒకప్పుడు పాత పెవిలియన్ ముందు రాత్రంతా చలిలో బారులు తీరి, తెల్లారాక ఖాళీ ఉన్న జట్టులో చేరేవాళ్లు. 2024 నుంచి వాళ్లకూ రోజువారీ డ్రా పెట్టారు. రుసుము తక్కువేమీ కాదు. కానీ సభ్యత్వం, సిఫారసు అక్కర్లేదు. ఊరివాళ్లకు ఏడాది టికెట్టు ఉంటుంది, అది బయటివాళ్ల ఒక రోజు ఖర్చుతో పోలిస్తే చాలా చవక. ఆటగాళ్లిచ్చే డబ్బు మైదానాల సంరక్షణకే పోతుంది. పక్కనే వెస్ట్ శాండ్స్ బీచిలో సముద్రం కోసేస్తున్న ఇసుక దిబ్బల్ని నింపి, వాటి మీద మర్రం గడ్డి నాటే పని కూడా సాగుతోంది. ఆ దిబ్బలు పోతే ఆ వైపు మైదానాలకు రక్షణ ఉండదు. 2027లో 155వ ఓపెన్ ఇక్కడికే వస్తోంది. లెక్క ప్రకారం ఈ మైదానానికి అది 31వది.